శూన్యయానం చివరి మజిలీ

‘శూన్యయానం’ ధారావాహిక చివరి సీజన్‌ను జాతికి అంకితం చేస్తున్నట్టు సమాచార ప్రసారాల మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. గత ప్రభుత్వం అంతరిక్షాన్ని సగంలో వదిలేసి పోయిందనీ, తమ ప్రభుత్వం దాన్ని పూర్తిచేసి ప్రజలకి అప్పగిస్తుందనీ అన్నారు. విలేకరులు రాసుకున్నారు. వెనక వరసలో కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను. అంతరిక్షాన్ని సగంలో వదిలేసింది నిజానికి నేను. ఆ నింద గత ప్రభుత్వం మీదకి పోయినందుకు ప్రాణం తేలికపడింది.

పాఠకులకి నా గురించి కాస్త చెప్పుకోవాలి. ప్రభుత్వ టీవీలో ఆదివారం పొద్దున వచ్చే ఈ సీరియల్‌ని తొమ్మిదేళ్లుగా రాస్తున్నది నేనే. సొంత గ్రహం పాడైపోతే కొంతమంది ఓడెక్కి, బతకడానికి ఇంకో గ్రహం వెతుక్కుంటూ పోతారు. కథ అంతే. వాళ్లెక్కడికి పోతున్నారో మొదటి ఎపిసోడ్ రాసేటప్పుడు నాకు తెలీదు. రాస్తూపోతే అదే తెలుస్తుందిలే అనుకున్నాను. ఓడలో పుట్టిన పసిపిల్లగా వేసిన అమ్మాయి బడికి వెళ్లే వయసొచ్చి, సీరియల్ మానేసి, చదువుల్లో పడింది గానీ ఓడ ఎక్కడికి పోతోందో నాకు తెలియలేదు. ‘గమ్యం లేని మనిషి ఒంటరితనాన్ని ఇంత లోతుగా చూపిన రచయిత మరొకరు లేరు’ అని ఒక విమర్శకుడు రాశాడు. ఆ ముక్క కత్తిరించి పర్సులో దాచుకున్నాను. మా ఆవిడ అది చదివి, “దారి తప్పారన్న మాట ఎంత మర్యాదగా చెప్పాడో!” అంది.

చివరి సీజన్ సంగతి మాట్లాడటానికి మంత్రిగారు నన్నూ, మా టీవీ కేంద్రం ఆఫీసరుగారినీ తన ఛాంబర్‌కి పిలిపించారు.

“ఆఖరికి ఏమవుతుంది?” అని అడిగారు.

“ఓడ ఒక గ్రహం చేరుతుంది సార్. అక్కడ ఎవరూ ఉండరు. గాలి ఉంటుంది, నీళ్లుంటాయి. కెప్టెన్ ఒక్కడే దిగి, మోకాళ్ల మీద కూలబడి, గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని...” తొమ్మిదేళ్లలో నాకు తట్టిన మంచి సీను అదొక్కటే.

“ఎవరూ ఉండరా?”

“ఉండరు సార్.”

“ఓటర్లు లేనిచోటికి అంతదూరం పోవడం దేనికయ్యా?”

నిజమే. ఆ కోణం నాకు తట్టనే లేదు. గొప్ప నాయకులకీ మాలాంటి వాళ్లకీ తేడా అక్కడే ఉంది.

“పోనీ, ఉంటారు సార్.”

“సుఖంగా ఉంటారా?”

“ఉంటారు సార్.”

“ఆసుపత్రి?”

“కట్టిస్తాను సార్.”

మంత్రిగారు ముచ్చటపడి ఆఫీసరుగారి వైపు తిరిగారు. “చూశారా, అడగ్గానే ఒప్పుకున్నాడు. మా కాంట్రాక్టరు కూడా ఇలాగే ఎప్పుడడిగినా వెంటనే ఒప్పుకుంటాడు.”

ఆ గ్రహం కోసం వేరే ఎక్కడికీ పోనక్కర్లేదని కూడా ఆయనే తేల్చేశారు. హైవే వెడల్పు చేసినప్పుడు ఇళ్లు పోయిన వాళ్ల కోసం నగరం బయట ఆయన ఒక ఆదర్శ కాలనీ ఏర్పాటు చేశారు. చివరి సీజనంతా అక్కడే తియ్యాలి. ఓడ వచ్చి అక్కడే దిగాలి.

“కాలనీ పూర్తయింది కద్సార్?” ఆఫీసరుగారు అడిగారు.

“ప్రారంభోత్సవాలు పూర్తయ్యాయి,” అన్నారు మంత్రిగారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. “మీ మట్టి సీను ఏమైంది?”

“అభివృద్ధి చేశాం.”

“మీరు ఎదురు చెప్పలేదా?”

“చెప్పాను. మనసులో గట్టిగానే చెప్పాను.”

కాలనీ చూడగానే మా ఆర్ట్ డైరెక్టరు పొంగిపోయాడు. “ఇంత సహజమైన పరాయి గ్రహాన్ని నా సర్వీసులో చూడలేదండీ! అడ్డంగా ఒక్క చెట్టు లేదు!” అన్నాడు. కనుచూపు మేర ఎర్రటి బీడు. అక్కడక్కడా రేకుల షెడ్లు. దూరంగా గుంటలో ఒరిగిపోయిన నీళ్ల ట్యాంకరు. ఆసుపత్రి రావలసిన చోట శంకుస్థాపన రాయి నిగనిగలాడుతోంది. షెడ్లలోంచి జనం బయటికొచ్చి మా లారీల్లోంచి దిగుతున్న సామాను కేసి ఆశగా చూశారు. పలకలు, రంగుడబ్బాలు, కిటికీలు. వాళ్ల బతుకుల్లో ప్రభుత్వం వైపునుంచి కిటికీ రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆర్ట్ డైరెక్టరు మంచి పనివాడు. వారం తిరక్కుండా ఆ బీడులో ఆసుపత్రి లేచింది. ముందువైపు మూడంతస్తులు. వెనకవైపు కర్రలు. తలుపులు రెండు, ఒకటి తెరుచుకునేది, రెండోది రంగుతో వేసింది. లోపల ఒకే ఒక గది. అందులో ఒక మంచం, ఒక సెలైన్ స్టాండు, ఓడ ఇంజను రూములోంచి పట్టుకొచ్చిన లైట్ల యంత్రం. గోడలు ప్లైవుడ్డు, అట్టలు. గట్టిగా తుమ్మితే ఊగేవి.

రంగు ఆరకముందే ఒక ముసలమ్మ వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నాలుగడుగులు వేస్తోంది. గుమ్మం దగ్గర తెల్లకోటు వేసుకుని టీ తాగుతున్న మా ఓడ డాక్టరుని చూసి చేతులు జోడించింది.

ఓడ డాక్టరంటే మా సీరియల్‌లో డాక్టరు వేషం వేసే నటుడు. తొమ్మిదేళ్లలో ఆయన చేతిలో ఒక్క రోగి పోలేదు. నేను పోనివ్వలేదు.

“నేను డాక్టర్ని కాదమ్మా, నటుణ్ణి,” అన్నాడాయన కంగారుగా.

“ఏదో ఒకటిలే నాయనా. మెడలో అది ఉందిగా. ఒక్కసారి పెట్టి చూడు. మెట్లెక్కలేను, పడుకోలేను, గుండె దడదడలాడిపోతోంది.”

మొహమాటానికి ఆయన స్టెతస్కోపు పెట్టాడు. అది ఉత్త బొమ్మ.

“ఏం వినపడింది?”

“ఏమీ వినపడలేదమ్మా,” అన్నాడు నిజాయితీగా.

ముసలమ్మ హడలిపోయింది.

మర్నాటికి గుమ్మం ముందు లైను తయారైంది. దగ్గేవాళ్లు, కాళ్లవాపులవాళ్లు, చంకలో జ్వరం పిల్లలతో తల్లులు. కెమెరా ఎటు తిప్పినా జనమే. ఆఫీసరుగారు వాళ్లని తోలెయ్యమని కేకలేస్తుండగా, పనులు చూడటానికి మంత్రిగారి కారు వచ్చి ఆగింది.

మంత్రిగారు లైను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి మెచ్చుకున్నారు. “ఎక్స్‌ట్రాలు బాగా కుదిరారయ్యా! దగ్గుతుంటే నిజంగా దగ్గుతున్నట్టే ఉంది.”

“ఎక్స్‌ట్రాలు కాద్సార్, రోగులు,” అన్నాను.

ఆయన కాసేపు మౌనంగా ఉన్నారు. గొప్ప నిర్ణయాలు మౌనంలోంచే పుడతాయని నాకు ఆ రోజు తెలిసింది.

“ప్రారంభించేద్దాం,” అన్నారు.

“ఎపిసోడ్‌నా సార్?”

“ఆసుపత్రిని. చివరి ఎపిసోడూ, ప్రారంభోత్సవమూ కలిపి ఒకేసారి లైవ్ ఇచ్చేద్దాం.”

ఆఫీసరుగారు ఒకడుగు ముందుకొచ్చారు. “సార్, అది అట్టలతో...”

“లోపల మంచం ఉందా?”

“ఉంది సార్.”

“డాక్టరున్నాడా?”

“కోటు వేసుకున్నాయన ఒకరున్నారు సార్.”

“గోడలు?”

“పడిపోకుండా వెనకనుంచి కర్రలు పోటు పెట్టాం సార్.”

“మన ప్రభుత్వమూ అంతే కదయ్యా. మద్దతెప్పుడూ వెనకనుంచే,” అన్నారు మంత్రిగారు. ప్రారంభోత్సవ ప్రసంగం రాసే బాధ్యత నాకు అప్పగించారు. అంతరిక్షంలో ఇన్నేళ్లు తిరిగిన కలానికి భూమ్మీద దొరికిన మొదటి గౌరవం. కాదనలేకపోయాను.

ఆ సాయంత్రం లైను చెదిరిపోయాక కూడా ముసలమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఈసారి నన్ను పిలిచింది.

“ఇక్కడ జరగాల్సిందంతా రాసేది నువ్వేనటగా నాయనా. డాక్టరు ఎప్పట్నుంచి చూస్తాడు?”

“ప్రారంభోత్సవం అయ్యాక పెద్దమ్మా.”

“అయితే పట్నం ఆసుపత్రికి పోనక్కర్లేదన్నమాట. మా అల్లుడు బండి మాట్లాడతానంటున్నాడు. వద్దని చెప్పేస్తాను. అంతదూరం ఊపిరాడదు నాకు. చల్లగా ఉండు నాయనా.”

నేనన్న మాట చిన్నది, ఆశ నింపేది. రచనాపరంగా దాన్లో లోపమేమీ లేదు. అయినా అన్నం సయించక, ఇంట్లో మా ఆవిడకి జరిగింది చెప్పాను.

“అది ఉత్త సెట్టని చెప్పారా ఆవిడకి?”

“చెబితే పాపం, ఆశ పోతుంది కదే.”

“ఆశ పోతే పట్నం ఆసుపత్రికి పోతుంది కదండీ!”

మా ఆవిడకి డైలాగులు రాయడం రాదు. అందుకే ఏదైనా అలా సూటిగా అనేస్తుంది. తెల్లారి వెళ్లగానే నిజం చెప్పెయ్యాలని నిర్ణయించుకున్నాను. తెల్లారింది. ముసలమ్మ దూరంగా ఆగి ఆగి వస్తూ కనిపించింది. సరిగ్గా అప్పుడే సెట్టు వెనక నాకు చాలా ముఖ్యమైన పని పడింది. ఆ మర్నాడూ పడింది. ప్రారంభోత్సవం దాకా రోజూ పడుతూనే ఉంది.

ఇంతలో కెప్టెన్ వేషం వేసే పెద్దాయన, మట్టి సీను తీసేశారని తెలిసి, చచ్చినా రానని కబురు చేశాడు. రాసినవాడికి లేని పౌరుషం వేసేవాడికి దేనికో నాకు అర్థం కాలేదు. కెప్టెన్ లేకుండా ఓడ దిగదు. హెల్మెట్ పెడితే మొహం కనపడదు కనక, ఆ వెండిరంగు రెగ్జిన్ సూట్‌లోకి నన్ను దూర్చారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో మైకు అందుకున్నారు. ఆయన పక్కన నేను, సూట్‌లో. ప్రసంగం సుదీర్ఘంగా సాగింది. నేనే రాశాను కనక, ఎక్కడా ఆగే చోటు లేదని నాకు తెలుసు. “మన ఆసుపత్రి పునాదులు ప్రజల గుండెల్లో ఉన్నాయి” అన్న వాక్యం దగ్గర జనం చప్పట్లు కొట్టారు. వేరేచోట ఎక్కడా పునాదులు లేవు కనక నేను చాలా జాగ్రత్తగా రాసిన వాక్యం అది. ఆ తర్వాతి వాక్యం దగ్గర నా కళ్ల ముందు నక్షత్రాలు తిరిగాయి. తొమ్మిదేళ్లు వాటి గురించి రాశాను గానీ చూడటం అదే మొదటిసారి. నిలువునా కూలిపోయాను.

మంత్రిగారు క్షణం తడబడలేదు. “ఎవరూ కంగారు పడకండి! అంబులెన్సు అక్కర్లేదు! మన ఆసుపత్రి మన పక్కనే ఉంది!” అని మైకులో గర్జించారు. కార్యకర్తలు నన్ను భుజాల మీదకి ఎత్తుకుని పరుగెత్తారు. ముందు రంగుతో వేసిన తలుపు దగ్గరికి పోయారు. హెల్మెట్ ఉండబట్టి తల మిగిలింది. తర్వాత తెరుచుకునే తలుపు.

మంచం మీద పడుకోబెట్టి హెల్మెట్ ఊడదీశారు. ఓడ డాక్టరు నా నాడి పట్టుకుని, చెవి దగ్గరికి వంగాడు. “ఇప్పుడేం చెయ్యాలండీ? దీనికి మీరేం రాయలేదు.”

“కాసిని నీళ్లు,” అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. కూజా ఉంది, గోడమీద రంగుతో వేసింది. ఇంతలో కెమెరాలతో సహా మంత్రిగారు లోపలికి వచ్చేశారు.

“ఎలా ఉంది? సౌకర్యాలెలా ఉన్నాయి?”

నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా? “ప్రపంచస్థాయిలో ఉన్నాయి సార్,” అన్నాను.

“నయమైపోయింది!” అని మంత్రిగారు ప్రకటించారు. హర్షధ్వానాలు మిన్నుముట్టాయి. శూన్యయానం అక్కడితో ముగిసింది. ఆ ఆసుపత్రిలో చేరినవాళ్లలో నూటికి నూరు శాతం కోలుకున్నారని తర్వాత పేపర్లలో చదివే ఉంటారు. ఆ నూరు శాతమూ నేనే.

కార్లు వెళ్లిపోయాయి. కెమెరాలు వెళ్లిపోయాయి. ఓడ డాక్టరు నీళ్లు వెతుక్కుంటూ వెళ్లాడు. లేవబోతే గది గిర్రున తిరిగింది, అలాగే పడుకున్నాను. వెనకవైపు ఆర్ట్ డైరెక్టరు మనుషులు సామాను సర్దుతున్నారు. కర్రలు ఊడదీసి లారీలో పడేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. ముసలమ్మ. ఉతికిన చీర కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. గుమ్మంలో ఆగి, ఊపిరి కూడదీసుకుని, మిణుకుమిణుకుమంటున్న లైట్ల యంత్రాన్నీ, సెలైన్ స్టాండునీ కళ్లనిండా చూసుకుంది.

“ఎంత శుభ్రంగా ఉందో!” అంది.

నేను మోచేతి మీద లేవబోయాను.

“లేవకు, లేవకు. ముందొచ్చింది నువ్వు. నీకు చూశాకే నాకు చూడమను. ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఇంకాసేపు ఆగలేనా?” అంటూ, ఆయాసపడుతూ, చతికిలబడటానికి గోడ వైపు నడిచింది.

“పెద్దమ్మా!” అని పిలిచాను.

“ఏం నాయనా?”

“ఆ గోడకి మాత్రం ఆనుకోకు.”