అత్యవసరం కాని ఫ్రిజ్

మా కాంప్లెక్సులో కరెంటు సమస్య శాశ్వతంగా తీరిపోయిందని ప్రజలందరికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కరెంటు ఎప్పటిలాగే పోతూనే ఉంది. దాన్ని సమస్య అనుకోవడం మేం మానేశాం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మాది రోడ్డు మలుపులో ఉన్న రెండంతస్తుల కాంప్లెక్సు. కింద వరసలో మొదటిది స్టీలు సామాన్ల కొట్టు. దాని యజమానే మా వర్తక సంఘానికి అధ్యక్షులు. ఆయన కొట్టులో కరెంటు మీద నడిచేవి ఒక ఫ్యాను, ఒక కాటా, గుమ్మం పైన ఆయన నవ్వుమొహంతో సహా వెలిగే నిలువెత్తు బోర్డు. ఆ పక్కన టైలరు, ఆ పక్కన నా జిరాక్సు షాపు, చివర మందుల షాపు. పై అంతస్తంతా ట్యుటోరియల్ మాస్టారిది. సంఘ కార్యదర్శి ఆయనే. మాస్టారు మాట్లాడడం మొదలుపెడితే గంట కొట్టినా ఆపరు, ఎందుకంటే అక్కడ గంట కొట్టేదీ ఆయనే.

మందుల షాపు నడిపే ఆవిణ్ణి అందరం మందులక్క అంటాం. మాలో చాలామందికంటే వయసులో చిన్నది. బాకా ఊదినట్టు మాట్లాడడం చేతకాదు గనుక సంఘంలో ఆవిడకు పదవి ఇవ్వలేదు. ఆవిడ షాపులో గోడవారగా ఒక చిన్న ఫ్రిజ్ ఉంటుంది. అందులో ఇన్సులిన్ సీసాలు, ఇంకా చల్లగా ఉంచాల్సిన మందులేవో ఉంటాయి. చుట్టుపక్కల వీధుల్లోని షుగరంతా ఆ ఫ్రిజ్ దయమీద అదుపులో ఉంటుంది. మా నాన్నగారిది కూడా.

ఎండలు ముదిరి కరెంటు పూటలకు పూటలు పోవడం మొదలయ్యాక, అందరికీ కలిపి ఒక బ్యాటరీ పెట్టించుకుందామని మొదట అడిగింది ఈ మందులక్కే. "ఫ్యాను లేకపోతే నేను విసనకర్రతో విసురుకుంటానండీ, మందులకి విసరలేను కదా" అంది. ఆ మాట సంఘాన్ని కదిలించింది. ఇంత గొప్ప ఆలోచన తనకు ఎప్పట్నించో ఉందని అధ్యక్షులవారు అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు కొట్టాం.

బ్యాటరీలమ్మే ఏజెంటు సంచీతో వచ్చాడు. వచ్చినవాడు సరుకు చూపించి ఊరుకోకుండా ప్రశ్నలు వేశాడు.

"ఒక్కొక్కరి షాపులో కరెంటు పోయాక ఏమేం నడవాలి, ఎంతసేపు నడవాలి, చెప్పండి సార్. లెక్కేసి సరిపోయేది ఇస్తాను."

అధ్యక్షులవారి మొహం మాడిపోయింది. "అది మమ్మల్నడుగుతావేంటయ్యా? మమ్మల్ని చూస్తే తెలీట్లేదూ?" అన్నారు.

పెద్దమనుషుల్ని పట్టుకుని నీకెంత కావాలి అని అడగడం మర్యాద కాదని మాస్టారు ఏజెంటుకు విడమరిచి చెప్పారు. అయినా వాడు వినలేదు. సరే, చెప్పడం మొదలుపెట్టాం. టైలరు తన మిషనుతోపాటు ఇస్త్రీపెట్టె కూడా నడవాలన్నాడు. పక్కవాడి ఇస్త్రీపెట్టె నడుస్తుంటే నా జిరాక్సు మిషను చేతులు కట్టుకు కూర్చుంటే ఏం బావుంటుంది? అదీ రాయించాను. మాస్టారు ఫ్యాన్లు, లైట్లు, మైకు, టీ కాచుకునే కెటిలు, ఇవిగాక తెరమీద పాఠాలు చూపించే ప్రొజెక్టరు చెప్పారు. అధ్యక్షులవారికి ఏం చెప్పాలో తోచక "అందరికీ ఎంతో, నాకు దానిమీద కొంచెం ఎక్కువ" అని రాయించారు. మందులక్క ఒక్కతే "నాకు ఫ్రిజ్ చాలండీ, పూటంతా నడవాలి" అంది. ఇంత చిన్న కోరిక విని అందరం జాలిపడ్డాం.

ఏజెంటు రెండు రకాలు దింపాడు. ఒకటి చిన్నది, లిథియం రకం, పుస్తకాల సంచీ పట్టుకున్నట్టు ఒంటిచేత్తో పట్టుకొచ్చాడు. ఎక్కువకాలం మన్నుతుందని చెప్పాడు. రెండోది నీళ్లు పోస్తూ ఉండాల్సిన పాత రకం. దాన్ని ఆటోలోంచి దించడానికే ఇద్దరు కావాల్సొచ్చింది. మాస్టారు చిన్నదాన్ని ఎత్తి చూసి పెదవి విరిచారు. "ఇంత తేలిగ్గా ఉందంటే లోపల ఏం లేనట్టే" అన్నారు. వాదన ముదరకుండా అధ్యక్షులవారు కలగజేసుకుని, స్టీలు సామాన్లు తూచే తన కాటా తెప్పించారు. ఆయన వ్యాపారమంతా ఆ కాటా మీదే నడిచింది. బిందె కొన్నా గిన్నె కొన్నా బరువున్నదే సరుకని ఆయన నమ్మకం, ఇప్పటిదాకా ఎవరూ తిప్పికొట్టలేదు. రెండు బ్యాటరీల్నీ శాస్త్రీయంగా తూచి, బరువైనదాన్ని ఏకగ్రీవంగా ఎంపిక చేశాం. దాన్ని మెట్లకింది గదిలోకి మోసేటప్పుడు టైలరుకు నడుం పట్టేసింది. బ్యాటరీ నాణ్యతకు అంతకంటే రుజువు అక్కర్లేదని సంఘం అభిప్రాయపడింది.

అందరి కోరికలూ కలిపితే ఆ బ్యాటరీ మోయలేదని ఏజెంటు వెళ్తూ వెళ్తూ అన్నాడు. ముందు ఏది నడవాలో, తర్వాత ఏది నడవాలో వరస వేసుకోమన్నాడు. ఇది మాకు వెన్నతో పెట్టిన విద్య. మొదటి స్థానం అధ్యక్షులవారి బోర్డుకు ఇచ్చాం, ఎందుకంటే అది వెలగకపోతే కాంప్లెక్సంతా మూసేశారని జనం అనుకునే ప్రమాదం ఉంది. తర్వాత మాస్టారి మైకు, ఆ తర్వాత మేము. ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి చిన్న చిక్కొచ్చిపడింది. తలుపు తియ్యకుండా ఉంటే ఫ్రిజ్ దానంతటదే చల్లగా ఉంటుందని మాస్టారు సైన్సు చెప్పారు. "తలుపు తియ్యకుండా మందెలా ఇవ్వనండీ?" అని మందులక్క అడిగింది. అది సైన్సుకు సంబంధించిన ప్రశ్న కాదు గనుక దాన్ని పరిశీలనలో ఉంచాం.

కొత్త వస్తువును ఊరికే వాడితే అరిగిపోతుందన్న సంగతి మీకు తెలియంది కాదు. మా ఇంట్లో సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. అదే జాగ్రత్తతో బ్యాటరీ మీది కవరు విప్పకుండా, గదికి తాళం వేసి, తాళంచెవి అధ్యక్షులవారి దగ్గర ఉంచి, ఈ కింది తీర్మానం చేశాం: బ్యాటరీని అత్యవసర పరిస్థితుల్లో మాత్రమే వాడవలెను. ఏది అత్యవసరమో సర్వసభ్య సమావేశం నిర్ణయించవలెను. చీకట్లో, ఉక్కపోతలో సరైన నిర్ణయాలు రావు గనుక, సదరు సమావేశానికి కావలసిన లైట్లు, ఫ్యాన్లు, మైకు బ్యాటరీ మీదే నడుపవలెను.

ఇంత పకడ్బందీ తీర్మానం ఇంకే కాంప్లెక్సులోనైనా ఉంటే చూపించండి.

ఒకరోజు పొద్దున్నే షట్టర్లు ఎత్తుతుండగా కరెంటు పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎక్కడో పెద్ద యంత్రమే కాలిపోయిందట, సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దన్నారు. మందులక్క పరుగున వచ్చి తాళంచెవి అడిగింది. అధ్యక్షులవారు ఆప్యాయంగా "కంగారుపడకమ్మా, వెంటనే సమావేశం పెట్టేద్దాం" అన్నారు.

పెట్టాం. పై అంతస్తులో ఫ్యాన్లన్నీ తిరిగాయి. కెటిల్లో టీ మరిగింది. కరెంటు కోతల చరిత్రను మాస్టారు కిటికీలన్నీ మూయించి ప్రొజెక్టరు మీద బొమ్మలతో సహా వివరించారు. కింద బోర్డు పట్టపగలు దేదీప్యమానంగా వెలిగింది. తర్వాత అధ్యక్షులవారు మైకు అందుకున్నారు.

"సోదర వర్తకులారా! అత్యవసరం అంటే ఏమిటి? నాకు అవసరమైనది అత్యవసరమా? నీకు అవసరమైనది అత్యవసరమా? లేక మనందరికీ అవసరమైనది అత్యవసరమా? ఈ ప్రశ్నకు జవాబు దొరికేవరకూ ఈ సంఘం నిద్రపోదు!"

నిజానికి టైలరు అప్పటికే నిద్రపోయాడు. చల్లటి ఫ్యానుగాలి, నడుంనొప్పి మాత్ర, పాపం ఆయన తప్పేం లేదు. మందులక్క గుమ్మం దగ్గర నిలబడే ఉంది. "అయ్యా, మాట్లాడేది తర్వాత మాట్లాడుకోండి, ముందు ఫ్రిజ్‌కి కరెంటివ్వండి" అంది ఒకసారి. అజెండా మధ్యలో మాట్లాడకూడదని మాస్టారు వేలు పెదవులమీద పెట్టి చూపించారు. భోజనాలవేళ దాటాక, ఫ్రిజ్ అత్యవసరమేనని సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఎవరూ వ్యతిరేకించలేదు. అందరం చేతులెత్తాం. ఎత్తిన చేతులు ఇంకా దించకముందే ఫ్యాన్లు నెమ్మదించాయి, మైకు గురకపెట్టింది, లైట్లు ఆరిపోయాయి. చీకట్లో కూడా చప్పట్లు కొట్టిన ఘనత మా సంఘానిది.

సాయంత్రం మందులక్క ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ తీసి ఒక అట్టపెట్టెలో పెట్టి పక్కకు నెట్టేసింది. అధ్యక్షులవారు ఒక సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు. "నీళ్లలా తేటగానే ఉందిగా? అమ్మెయ్యమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. పెద్దవారు, లోకం చూసినవారు.

"నాకు తెలుసు కదండీ" అంది ఆవిడ. "పొద్దుట్నించీ ఉడికిపోయిన మందు, పనిచేస్తుందో లేదో చూడగానే తెలీదు. పొడుచుకున్నవాళ్లు ఒంట్లోకి మందెళ్లిందనుకుంటారు. నేనమ్మను."

అనుభవం లేనివాళ్లు వ్యాపారంలోకి వస్తే ఇదే కష్టం. అయినా ఆవిడ నష్టాన్ని సంఘం తేలిగ్గా తీసుకోలేదు. పాడైన మందుల కోసం లేచి నిలబడి మౌనం పాటించాం. మాస్టారు నోరు మూసుకుని అంతసేపు నిలబడడం అదే మొదటిసారి. వారి త్యాగాన్ని ఇక్కడ నమోదు చేయకపోతే తప్పవుతుంది.

ఆ తర్వాత మందులక్క చేసిన పని మాత్రం మమ్మల్ని నొప్పించింది. మాతో ఒక్కమాట అనకుండా అదే ఏజెంటును పిలిపించుకుంది. వాడు వేసిన ప్రశ్నకు బుద్ధిగా జవాబు చెప్పింది. మేం ఎగతాళి చేసిన ఆ చిన్న బ్యాటరీనే, ఒక్క ఫ్రిజ్‌కి మాత్రం సరిపోయేలా, గోడకు పెట్టించుకుంది. ప్రారంభోత్సవం లేదు, ప్రసంగం లేదు, రిబ్బను లేదు. కొత్తగా మందులు తెచ్చి నింపుకుంది. తర్వాత కరెంటు పోయినప్పుడల్లా ఆ ఫ్రిజ్ తన పాటికి తను గుర్రుమంటూనే ఉంది. కాంప్లెక్సు ఐక్యతకు ఇది గొడ్డలిపెట్టు అని మాస్టారు బాధపడ్డారు. అందరూ ఇలా ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటూ పోతే సంఘం ఎందుకని అధ్యక్షులవారు నిలదీశారు. నిజమేననిపించింది. ఎందుకో మరి.

మొన్న మళ్లీ పెద్ద కోత పడింది. యథావిధిగా సమావేశం జరిపి బ్యాటరీ ఖాళీ చేశాం. అప్పుడు చూసుకుంటే ఒక్కరి ఫోనులోనూ చార్జింగ్ లేదు. ఫోను లేకపోతే మనిషి ఉన్నట్టా లేనట్టా? మందులక్క చెల్లెలి కాన్పుకని ఆస్పత్రికి వెళ్లింది. షాపులో వాళ్లత్తగారు కూర్చుని ఉన్నారు. అమ్మకాలు లేవు, ఊరికే కాపలా. పెద్దావిడ మంచి మనిషి. చార్జరు పట్టుకుని ముందు నేనే వెళ్లాను.

"పిన్నిగారూ, ఒక్క ఫోనే. ఇలా పెట్టి అలా తీసేస్తాను."

"దాందేముంది నాయనా, పెట్టుకో. అందరూ మనవాళ్లేగా" అన్నారావిడ.

మనవాళ్లన్నాక ఒకరితో ఆగుతుందా? టైలరు తన ఫోను, వాళ్లావిడ ఫోను తెచ్చాడు. మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు. అధ్యక్షులవారు బోలెడు రంధ్రాలున్న పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు పంపించారు. దాన్ని పెట్టడానికి గోడకు చోటు లేకపోయింది. అక్కడ లావుపాటి ప్లగ్గు ఒకటి అడ్డంగా ఉంది. అది దేనిదో ఆ మూల చీకట్లో తెలియలేదు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. పీకి పక్కన పెట్టాం. బాక్సు నిండా చిన్న చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటుంటే మా మధ్య ఇంత ఐకమత్యం ఎప్పుడూ చూడలేదనిపించింది. పెద్దావిడ మా అందరికీ మంచినీళ్లు కూడా ఇచ్చారు. చల్లగా లేవు.

పొద్దువాలాక మందులక్క తిరిగొచ్చింది. చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందట, మొహమంతా నవ్వే. ఆ నవ్వుతోనే ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టింది. తర్వాత ప్లగ్గువైపు చూసింది, మావైపు చూసింది, అట్టపెట్టె కోసం లోపలికి వెళ్లింది. గొడవపడే మనిషైతే మాకూ సమాధానం చెప్పే వీలుండేది.

చార్జింగ్ నిండిన ఫోన్లు తీసుకుని ఎవరి షాపుకు వాళ్లం వచ్చేశాం. ఇంతలో మా ఇంటినుంచి ఫోను. నాన్నగారి సీసా నిన్నటితో అయిపోయింది, రాత్రి ఇంజెక్షనుకు మందు తెమ్మని. వెనక్కి వెళ్లి అడిగాను.

"లేదన్నయ్యా" అంది మందులక్క, అట్టపెట్టె మూత అంటిస్తూ.

"ఇన్ని సీసాలున్నాయి కదమ్మా?"

"ఉన్నాయి. మందు లేదు."

ఆ వేళప్పుడు ఊరి అవతలిదాకా వెళ్లి తెచ్చుకోవాల్సివచ్చింది. దారిలో టైలరు కనబడ్డాడు, వాళ్లమ్మ కోసమట. మాస్టారు కనబడ్డారు, తన కోసమేనట. అక్కడి షాపు ముందు వరసలో నిలబడ్డంతసేపూ, అవసరానికి మందు ఉంచని షాపు ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని అందరం వాపోయాం. ఊరికే వాపోయి వదిలెయ్యడం బాధ్యతగల పౌరుల లక్షణం కాదు. నలుగురికీ తెలియాలి కదా. అక్కడే నిలబడి, నెట్లో మందులక్క షాపు పేరు వెతికి, ఒక్కొక్కరం ఒక్కొక్క నక్షత్రం చొప్పున ఇచ్చి, నిర్లక్ష్యం అని రాశాం. ఫోన్లలో చార్జింగ్ నిండుగా ఉంది.