ఉక్కు ఎముక సర్టిఫికెట్

ఎముకల డాక్టర్లందరినీ రేపటి నుంచి ఇళ్లకు పంపించేయవచ్చునని ఈ వారం సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి! నేను శాలువా కప్పించుకున్న మనిషిని. ఊరికే మాట్లాడను.

డబ్బా ఉండగా ఎముకలకు డాక్టరెందుకు? ఈ రోజుల్లో ఫ్రిజ్ మీద ఒక డబ్బా లేదంటే ఆ ఇంట్లో వెన్నెముక ఉన్నవాడు లేడని లెక్క. డబ్బా మీద బంగారు రంగు ఎముక బొమ్మ. దాని పక్కన కండలు తిరిగిన తాతయ్య. మూత తీస్తే బూడిద రంగు పొడి. అందులో ముత్యపు చిప్ప, పగడం, శంఖం, అశ్వగంధ, నల్లేరు, జింకు, మెగ్నీషియం, ఇంకా నోరు తిరగని పదకొండు ఖనిజాలు ఉన్నాయని వెనకవైపు రాసి ఉంటుంది. చదవడానికి భూతద్దం కావాలి. నమ్మడానికి మాత్రం ఏమీ అక్కర్లేదు.

దధీచి మహర్షి ఎముకతో వజ్రాయుధం చేశారని విన్నాం. ఆయన పొద్దున ఎన్ని స్పూన్లు, సాయంత్రం ఎన్ని స్పూన్లు వేసుకున్నాడో పురాణం రాసినవాళ్లు చెప్పలేదు. పెద్ద లోపం! ఆ లోపాన్ని ఇప్పుడు వెల్‌నెస్ సెంటర్లు పూడుస్తున్నాయి.

జనగామలో పొద్దున్నే నడకకు వెళ్లే రిటైర్డు పెద్దమనుషుల పలకరింపులే మారిపోయాయి. చాయ్ తాగారా అని ఎవరూ అడగడం లేదు. "స్పూనా, స్పూనున్నరా?" అంటున్నారు. భూపాలపల్లిలో బొగ్గు బావి దిగి దిగి మోకాళ్లు అరిగిన నా మిత్రుడు రాజ్‌కుమార్, డబ్బా మొదలుపెట్టినప్పటి నుంచి లిఫ్టు ఎక్కనవసరం లేకుండా పోయిందని ఊరంతా చెబుతున్నాడు. ఆయన ఉండే ఇంటికి అసలు లిఫ్టే లేదన్నది వేరే సంగతి. మొన్నొక గృహప్రవేశంలో రిటర్న్ గిఫ్టుగా స్టీలు గిన్నెకు బదులు చిన్న డబ్బా ఇచ్చారు. మంచిదే కదా? ఇంటికి పిల్లర్లు గట్టిగా ఉండి ఇల్లాలి నడుము వంగితే ఏం బాగుంటుంది!

లింగాల ఘనపూర్ వైపు కంచెల మీద నల్లేరు తీగ పైసా అడగకుండా పాకుతుంది. మేకలు కూడా ఆలోచించి గానీ నోరు పెట్టవు. అదే తీగ ఎండి, పొడై, ఏవేవో ఊళ్లు తిరిగి, క్యాప్సూల్ తొడుక్కుని, టై కట్టుకున్న మనిషి చేతుల మీదుగా అదే ఊరికి తిరిగొస్తే ఎంత గౌరవం! వ్యాపారం అచ్చంగా నల్లేరు మీద బండి నడకే.

జనగామలో కిరాణం కొట్టు నడిపే ఫకీర్ అహ్మద్ సాబ్‌కు ఈ ప్రగతి నచ్చడం లేదు. "సారూ, నువ్వులున్నయ్, రాగులున్నయ్, ఎవ్వడు జూస్తలేడు. గవే నువ్వులు గోలీలల్ల వెడితే లైన్ గడ్తున్నరు. నేను గూడ టై కట్టాల్నా ఏంది?" అని నన్ను నిలదీశాడు. కట్టమనే సలహా ఇచ్చి వచ్చాను.

కాల్షియం తక్కువైన మనిషికి కాల్షియం మంచిదే కదా, దానికి వెక్కిరింత దేనికి అని అడిగే చదువుకున్నవాళ్లున్నారు. నిజమే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఎంత విసుగు! కిడ్నీలో రాళ్లున్నాయా, థైరాయిడ్ మందు వాడుతున్నారా, ఇంతకు ముందు ఎముక విరిగిందా, స్కాన్ తీయించారా అని సతాయిస్తాడు. డబ్బా ఒక్క ప్రశ్న కూడా అడగదు. పేదా గొప్పా, ఆడా మగా, మంచి కిడ్నీ చెడ్డ కిడ్నీ అనే భేదం దానికి లేదు. ఇంతకు మించిన సమానత్వం మన రాజ్యాంగంలో కూడా కనిపించదు.

ఇక నా శాలువా సంగతికి వస్తాను. శాలువా వెనక మంగ్లీ ఉంది.

కురవి దగ్గరి ఒక తండా మనిషి మంగ్లీ. యాభై ఎనిమిదేళ్లుంటాయి. మిరప ఏరే సీజన్లో పన్నెండు మంది ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఏ చేనుకు పోవాలో, ఎన్నింటికి దిగాలో ఆమె మాటే మాట. ముఠా పెద్దకు ఒక మర్యాద ఉంది. ఏరిన కాయ బస్తాల్లో తొక్కాక మొదటి బస్తా ఆమె నెత్తికెత్తుకుని రోడ్డు దాకా నడవాలి. అప్పుడే మిగతావాళ్లు ఎత్తుకుంటారు. ఎత్తలేని రోజున ఇంకొకరు ముందుకొస్తారు. అంతే, పెద్దరికం చేతులు మారుతుంది.

పోయినేడు మంగ్లీ చేని ఒడ్డు మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అంత చిన్నగా పడితే చెయ్యి విరగకూడదని దవాఖానలో డాక్టరు అనుమానపడి, పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబారాయని చెప్పాడు. వారానికొక గోళీ రాసిచ్చాడు. నెత్తిన బరువు ఎత్తొద్దన్నాడు. ఆయన గది బయట వరండా నిండా జనం. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

మంగ్లీ ఆ గోళీని పొద్దున్నే చాయ్‌తో మింగి, కాసేపు నడుం వాల్చి, తర్వాత చేనుకు పోయింది. కడుపులో మంట మొదలైంది. నాలుగు వారాలకు గోళీ మానేసింది. మళ్లీ మిరప సీజన్ వస్తోంది. మొదటి బస్తా ఎత్తగలనా లేదా అన్నది ఒక్కటే ఆమె బెంగ.

అప్పుడు కదా మహబూబాబాద్‌లో వెల్‌నెస్ సెంటర్ పెట్టిన రాజేందర్ దేవుడిలా దొరికాడు! ఆమెను ఏసీ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మంచినీళ్లిచ్చాడు. గంట సేపు ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ గోళీ ఎట్లా మింగావని మాత్రం అడగలేదు. "ఇంగ్లీష్ మందు గట్లనే పెయ్యంత గాలుస్తది అవ్వా. మనది నేచురల్. మూడు నెలలల్ల నీ ఎముక ఇనుమైతది" అన్నాడు. తర్వాత ఆమెను ఒక గాజు తూకం మీద నిలబెట్టాడు.

ఆ తూకం అద్భుతమైన యంత్రం. చెప్పులిప్పి ఎక్కితే చాలు. ఒంట్లో కొవ్వెంత, నీళ్లెంత, శరీరం వయసెంత, ఎముకల బరువెంత అన్నీ స్క్రీన్ మీద చూపిస్తుంది. చేను నుంచి నేరుగా పాత చీరలో వచ్చిన మంగ్లీకి ఎముకలు ఒక కిలో ఎనిమిది వందల గ్రాములని చూపించింది. "చూసినవా, ఎంత తక్కువున్నదో!" అని రాజేందర్ కళ్లు చెమ్మగిల్లాయట. అస్థివజ్ర గోల్డ్ ప్లస్ పెద్ద డబ్బా ఆ రోజే ఆమె సంచిలోకి ఎక్కింది. ధర చెబితే మీకు బీపీ పెరుగుతుంది. దానికి వేరే డబ్బా ఉంది లెండి.

మూడు నెలలకు ఫంక్షన్ హాల్లో సక్సెస్ మీట్ పెట్టారు. ముఖ్య అతిథిని నేను! సీనియర్ రచయిత, సమాజ హితైషి అని ఫ్లెక్సీ మీద నా ఫొటో. మీరే చెప్పండి, ఫ్లెక్సీ చూశాక ఎముక మెత్తబడని రచయిత ఎవడైనా ఉంటాడా? పొడి సంగతి నాకేం తెలుసని అడిగే బుద్ధి అప్పుడు నాకు పుట్టలేదు.

"మీ లంబాడీ డ్రెస్సుల రావాలె అవ్వా, ఫొటో మస్తుగొస్తది" అని రాజేందర్ ముందే చెప్పి పంపాడు. ఈ రోజుల్లో ఆ వేషం తండాలో పెళ్లికో పండుగకో తప్ప బయటికి తీయరు. మంగ్లీ తల్లి నాటి పెట్టె తెరిచింది. అద్దాలు కుట్టిన బరువైన లంగా, రైక వేసుకుంది. కాళ్లకు లావుపాటి వెండి కడియాలు, మెడలో వెండి నాణేల దండ, చెంపల మీద వేలాడే వెండి గంటలు, మోచేతి పై దాకా గాజులు. ఆమె స్టేజీ ఎక్కుతుంటే హాలంతా గలగలలాడింది. అందరి ముందూ తూకం ఎక్కించారు.

రెండు కిలోలు!

రెండు వందల గ్రాముల ఎముక మూడు నెలల్లో పెరిగింది! రాజేందర్ మైకులో ఏడ్చినంత పని చేశాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 'ఉక్కు ఎముక' అని రాసిన సర్టిఫికెట్ నా చేతికిచ్చారు, నేను సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాను. నాకు శాలువా కప్పారు.

"సారూ, ఇగ బస్తా ఎత్తొచ్చునా?" అని ఆమె స్టేజీ మీదే నన్ను అడిగింది. రాజేందర్‌ను కాదు, నన్నే. పేపర్లో రాసేవాడికి తెలియకుండా ఉంటుందా అని ఆమె నమ్మకం.

"ఒకటేంది, రెండెత్తు!" అన్నాను. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. నేను చాలా బాగా మాట్లాడానని ఆ సాయంత్రం అందరూ మెచ్చుకున్నారు.

తొమ్మిదో రోజున మంగ్లీ ముఠా ముందు నిలబడి మొదటి బస్తా నెత్తికెత్తుకుంది. చేను దాటింది. కాలువ గట్టు దిగేటప్పుడు కాలు మడత పడింది. తుంటి విరిగింది.

మామూలు మనుషులైతే ఇక్కడ డబ్బాను తిడతారు. నేను తిట్టను. వాస్తవాలు తెలుసుకుందామని దవాఖానకు వెళ్లాను. అక్కడ జువేరియా అనే నర్సు ఉంది. వయసు చిన్నదే, నోరు మాత్రం పెద్దది. మంగ్లీ తలగడ కింద నుంచి సర్టిఫికెట్ తీసి, దాని మీద రాసిన రెండు తూకాలనూ, తర్వాత దానికి అతికించిన సక్సెస్ మీట్ ఫొటోనూ చాలాసేపు చూసింది.

"ఫస్టుసారి ఏం బట్టలతోని తూకమెక్కింది సార్?"

"పాత చీరతో."

"మళ్లసారి గీ వెండంత ఏసుకొని ఎక్కిందా? గా మిషన్ ఎముకను జూడది సార్. మీద ఎంత బరువుంటే గంత లెక్కగట్టి చెప్తది. మీరు మీటింగ్ వెట్టి తూకమేసింది వెండిని."

నర్సులకు సైన్సు తెలియదని నేను వెంటనే నిర్ణయించుకున్నాను. రాజేందర్‌కు ఫోన్ చేశాను. ఆయన కంగారు పడలేదు. నాయకుడంటే అట్లా ఉండాలి. "పొడి ఏసుకోకపోతే రెండు కాళ్లు ఇరిగేవి సార్! ఒక్కటే ఇరిగిందంటే పవర్ జూడుండ్రి. జర ఆపరేషన్ కానియ్యిండ్రి, డబల్ డోస్ స్టార్ట్ చేద్దాం" అన్నాడు. చూశారా? విరగకపోతే పొడి గొప్ప. విరిగితే ఇంకా గొప్ప. ఇంత పటిష్ఠమైన ఎముక నేను ఏ మనిషిలోనూ చూడలేదు, ఈ వాదంలోనే చూశాను.

మంగ్లీ మొగుడు ధర్మా మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. ముఠా ఇప్పుడు ఎవరి వెంట నడుస్తోందని అడిగాను. "ముఠాల ఉండే తారి ఎత్తుకుంటున్నది సారూ మొదటి బస్తా" అన్నాడు. మంగ్లీ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు. రెండేళ్ల కిందట నా నడుము నొప్పికి హన్మకొండ వెళ్లి స్కాన్ తీయించుకున్నాను. నాక్కూడా ఎముకలు గుల్లబారాయి. వారానికొక గోళీ రాశారు. మంగ్లీకి రాసిన గోళీ, నేను ప్రతి ఆదివారం మింగే గోళీ ఒకటే. తేడా ఎక్కడో తెలుసా? నా డాక్టరు నాకు కాగితం మీద రాసి చూపించాడు. పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. అరగంట సేపు పడుకోకూడదు, ఏమీ తినకూడదు, చాయ్ అసలే తాగకూడదు. అట్లా కాకపోతే గొంతు, కడుపు మండుతాయి. నాకు ఫీజు కట్టే స్తోమత ఉంది కాబట్టి నాకు పదిహేను నిమిషాలు దొరికాయి. ఆమెకు రెండు దొరికాయి. మిగతా పదమూడు నిమిషాలూ వడ్డీతో సహా రాజేందర్ ఇచ్చాడు, దాంతో పాటు డబ్బా ఇచ్చాడు. పైన సంతకం నేను పెట్టాను.

నాకు కోపం వస్తోంది. రాజేందర్ మీద వస్తోంది, వరండా నిండా జనాన్ని ఒక్క డాక్టరుకు వదిలేసిన వాళ్ల మీద వస్తోంది, శాలువా మడత పెట్టి బీరువాలో దాచుకున్న నా మీద అందరికంటే ఎక్కువ వస్తోంది. మంగ్లీకి మాత్రం ఎవరి మీదా కోపం రాలేదు. వచ్చి ఉంటే నేను ఇంటికి కాస్త తేలిగ్గా వెళ్లేవాణ్ణి.

లేవబోతుంటే ఆమె నా వైపు తిరిగి అడిగింది. "సారూ, నువ్వెన్ని డబ్బాలు తాగినవ్?"

ఇరవై ఏళ్లుగా ఈ కాలమ్ రాస్తున్నాను. ఎవరేం అడిగినా ఎదురు జవాబు నోట్లోనే ఉంటుంది. ఒక్క స్పూను కూడా ముట్టలేదని చెప్పాల్సింది. జువేరియా అక్కడే నిలబడి నన్నే చూస్తోంది.

"రెండు" అన్నాను.

మంగ్లీ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. నేను నిక్షేపంగా నిలబడి ఉన్నాను. తర్వాత కట్టు కట్టిన తన కాలు వైపు చూసుకుని తల ఊపింది.

"గట్లనా! నీకు మంచిగనే పట్టింది సారూ. నా పెయ్యే మంచిది గాదు" అంది.