మెదెర్ వంశవృక్షం

ఆగండి, ఆగండి! చేతిలో పనేదో పక్కన పెట్టి ముందు జిబెక్ సంగతి వినండి.

జిబెక్ బిష్కెక్‌లో పరిశోధన చేస్తోంది. గొర్రెల నుంచి, పచ్చిపాల నుంచి మనుషులకు అంటుకునే ఒక మొండి జ్వరం మీద. ఆ ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. నారిన్ కొండల్లోని ఒక ఊరి కాపరులను కూర్చోబెట్టి, తాను కనిపెట్టిందంతా ఒక బుల్లి కథగా చదివి వినిపించాలి. మందలు వేసవి మేతకు కొండెక్కేలోపు వాటి రక్తపరీక్షలకు ఒప్పించాలి. ఒప్పుకోలేదో, ఇన్నేళ్ల చదువూ అటకెక్కినట్టే. పోయినసారి ఆమె గురువు సత్తార్ పట్టికలు చూపిస్తే ఊరంతా కునుకు తీసింది. అయినా ఆయన, "కథలు చెప్పి నా పరువు తీయకు" అనే అన్నాడు. జిబెక్ వింటేగా!

"నాతో మాట్లాడిన రోగుల పేర్లు చచ్చినా బయటపెట్టను" అని ముందే మాటిచ్చి, చదవడం మొదలుపెట్టింది. రోగులందరినీ కలిపి ఒకే మనిషిగా అల్లింది, పేరు మెదెర్. ఈనుతున్న గొర్రెకు ఒట్టి చేతులతో సాయం చేశాడు, పచ్చిపాలు తాగాడు, ఇప్పుడు నడుము పట్టేసి గుర్రం ఎక్కలేకపోతున్నాడు. ఈసారి ఒక్కరూ నిద్రపోలేదు. టీ గిన్నెలు చేతుల్లోనే చల్లారాయి.

ఊరిపెద్ద ఎసెన్‌గుల్ టోపీ సర్దుకున్నాడు. "పాపం! ఎవరి పిల్లాడమ్మా?"

ఏడు తరాలు చెప్పలేని మనిషిని అక్కడ మనిషిగానే లెక్కపెట్టరు. కథ చప్పబడిపోతుందని జిబెక్‌కి భయం. "బోరుబాయ్ కొడుకు" అనేసింది. "బోరుబాయ్ తండ్రి?" "సాదిర్. ఆయన తండ్రి కల్మత్, ఆపైన తినాయ్, ఆపైన జానిబెక్..."

ఎసెన్‌గుల్ దిగ్గున లేచాడు. "జానిబెక్ మా ముత్తాత! అంటే వాడు వరసకు నాకు మనవడే! నా మనవడు మంచాన పడితే నాకు కబురు లేదా?"

"మీవాళ్లంతే! విందులకే పిలుస్తారు, రోగాలకు పిలవరు" అంది ఆయన భార్య అనార్‌కుల్, డబ్బాలో పాలు నింపుతూ. "కాచలేదులే తల్లీ, కాస్తే బలం పోతుంది. వాడికి పట్టించు."

గదిలో సగం మంది చుట్టాలైపోయారు. ఎవరో మెదెర్‌కి కానుకగా గొర్రెను తోలుకొచ్చారు. జిబెక్ చేతులు అడ్డం పెట్టింది.

"తాతా, అది కథ! మెదెర్‌ని నేనే అల్లాను!"

ఎసెన్‌గుల్ కన్ను కొట్టాడు. "పేరు బయటపెట్టనని మాటిచ్చావుగా. భేష్, మాట మీద నిలబడే పిల్లవి! మాకు మాత్రం చెప్పు, ఏ ఊళ్లో ఉన్నాడు?"

ఆమె ఎంత కాదంటే వాళ్ల గౌరవం అంత పెరిగింది. సరిగ్గా అప్పుడే పట్టికల కట్టతో సత్తార్ జీపు దిగాడు. ఎసెన్‌గుల్ ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్కటే మాట. ఈ జ్వరం మా మెదెర్‌కి వచ్చింది నిజమేనా? నిజమైతే మందలన్నీ ఇప్పుడే మీ ముందుకు తోలిస్తాం. కాదంటే బండెక్కండి."

జీవితంలో ఒక్క అంకె కూడా కల్పించని సత్తార్ పట్టికల వైపు చూశాడు, గొర్రె వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నిజమే. ఇప్పుడు నయం. లేచి కూర్చుంటున్నాడు. అందరికీ సలాం చెప్పమన్నాడు."

"కాచిన పాలే తాగుతున్నాడు!" అందించింది జిబెక్. అనార్‌కుల్ డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

సాయంత్రానికి ఊరి మందలన్నిటికీ రక్తం తీయడం పూర్తయింది. గెలిచానన్న సంబరంతో జిబెక్ జీపెక్కింది. వెనక సీట్లో గొర్రె, కాచిన పాలు, వాటి మధ్య కొత్త కోటు తొడుక్కుని ఎసెన్‌గుల్.

"పదండి, మనవణ్ణి చూసొద్దాం."

సత్తార్ బండి స్టార్ట్ చేసి, జిబెక్ వైపు తిరిగాడు. "కథ నీదే కదా. దారి కూడా నువ్వే చెప్పు."

మీరైతే ఆ జీపుని ఎటు తిప్పమనేవారు?