తెర ఉతికిన ఆదివారం

ఆ ఆదివారానికి సుశీలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగింటికి లేవడం, ముందురాత్రి నానబెట్టిన తెర ఉతకడం, అయిదింటికి ఆరేయడం, తొమ్మిదిన్నరకు క్లబ్బులో తిరిగి కట్టేయడం, పదింటికి ఏమీ ఎరగనట్టు ముందు వరసలో కూర్చోవడం. ఇందులో దయ్యం ఎక్కడా లేదు.

తెర అంటే గుమ్మానికి వేలాడేది కాదు. ఇనపరాయి తవ్వే కొండ కింద కాలనీ క్లబ్బులో సినిమాలు వేసే పదహారడుగుల తెర. ఒకప్పుడు తెల్లగా ఉండేది. ఆ ఊళ్ళో అన్నీ ఒకప్పుడు తెల్లగానే ఉండేవి. గని మొదలైన పన్నెండేళ్ళలో ఎర్రదుమ్ము పంచెల్నీ, ఆవుల్నీ, మల్లెపూలనీ ఒకే రంగులోకి తెచ్చేసింది. తెల్లచీర కట్టుకుని గీదం సంతకు బయల్దేరిన మనిషి బస్సెక్కేసరికి కాషాయంలో ఉండేది. చూసినవాళ్ళు ఇంట్లో ఏం గొడవైందోనని జాలిపడేవారు.

శనివారం సాయంత్రం మగవాళ్ళకు ఓ పాత దయ్యాల సినిమా వేశారు. పాడుబడ్డ బంగళా, అందులో దీపం పట్టుకుని పాడుకుంటూ తిరిగే ఆడమనిషి. పాపం, తెల్లచీరలో రావలసిన ఆ దయ్యం ఎర్రతెర మీద పెళ్ళికూతురిలా నడిచింది. గనిలో ఫోర్‌మన్‌గా చేసే సుశీలమ్మ భర్త శేషగిరిరావు ఇంటికొచ్చి ఒకటే నవ్వు.

"భయమా? నాకా? ఆ దయ్యానికి పసుపూ కుంకుమా ఇచ్చి పంపాలనిపించిందే" అన్నాడు. అని, పెరట్లోకి వెళ్ళడానికి టార్చిలైటు అడిగాడు.

అదే సినిమా ఆదివారం పదింటికి ఆడవాళ్ళకు. ఆ ఆట కోసం సుశీలమ్మ ఆర్నెల్లు పోరాడింది. వారం మొత్తంలో ఎవరూ కాఫీ అడగని రెండున్నర గంటలు అవే. క్లబ్బు కార్యదర్శి దశరథరామయ్య మంచివాడే గాని, ఆడవాళ్ళంటే పగిలిపోయే సామానని ఆయన నమ్మకం.

"దయ్యాల సినిమా మీకెందుకమ్మా? గుండెలు తట్టుకోవు" అన్నాడు.

"పిల్లల్ని కన్న గుండెలేనండీ."

"అది వేరమ్మా."

"అవునండీ. అది ఇంకా పొడుగు ఆట."

చివరికి ఒప్పుకుని రిజిస్టర్లో ఓ షరతు రాశాడు. ఆడవాళ్ళని పేరు పెట్టి రాస్తే మర్యాద కాదని ఆఫీసు భాషలో రాశాడు: 'క్లబ్బు సినిమా కారణంగా ఎవరైనా కేకలు వేసినా, స్పృహ తప్పినా, ఆ వర్గం వారి ఆట రద్దు చేయబడును.' సుశీలమ్మ కింద సంతకం పెట్టింది. ఆ తర్వాతే ఆవిడకు తెర సంగతి తట్టింది. ఆర్నెల్ల పోరాటం చేసింది ఎర్రచీర దయ్యాన్ని చూడ్డానికా? ఉతకడానికి అనుమతి అడిగితే దరఖాస్తు, కమిటీ, తీర్మానం. అందుకని శనివారం ఆట అయ్యాక క్లబ్బు కాపలాదారు ముసలయ్యకు రెండు గారెలు పెట్టి తాళం తీయించి, తెర దింపించింది.

ఉతకడానికి తోడు వచ్చింది ఇర్మె. తెలుగు సరిహద్దున కోంటా వైపు పిల్ల, సుశీలమ్మ ఇంట్లో పనిచేస్తుంది. ఆమె మొగుడు లక్మా గనిలో కూలి.

"ఏందమ్మా, గింత పెద్ద గుడ్డ ఎవలు కట్టుకుంటరు?" అంది ఇర్మె, బండమీద బాదుతూ.

"దయ్యం కట్టుకుంటుందే."

"గది ఆడదా, మొగదా?"

"ఆడదే. మొగుడు మోసం చేస్తే చచ్చిపోయి తిరుగుతుంటుంది."

"మరి మోసం జేసినోడు?"

"వాడూ ఆ బంగళాలోనే ఉంటాడు. వాణ్ణి చూసి ఎవరూ భయపడరు."

ఇర్మె గుడ్డ తిరగేసింది. "మీ సినిమావోళ్ళకు ఎవల్ని జూసి భయపడాల్నో ఎరుకలేదమ్మా."

మూడు సబ్బుబిళ్ళలు, ఓ సీసా నీలిమందు అయ్యాక తెర తెల్లబడింది. ఎంత తెల్లగా అంటే ఇద్దరూ తమ ఎర్రచేతులు కడుక్కుని గాని దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. పెరటి తీగ ఆరడుగులే కాబట్టి బస్సు మలుపు పైనున్న దిబ్బమీద, రెండు నీలగిరి చెట్ల మధ్య ఆరేశారు. గాలి బాగా తగులుతుంది. గాలి సంగతి ఆలోచించిన సుశీలమ్మ మంచు సంగతి, ఆరుగంటల షిఫ్టు బస్సు సంగతి మరిచిపోయింది.

డ్రైవరు భూషణం మలుపు తిప్పాడు. కొండ మీంచి దిగిన మంచులో, చెట్లంత ఎత్తున, తెల్లగా ఒకటి ఊపిరి తీస్తోంది, వదులుతోంది. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళుగా తెల్లటిదేదీ లేదు. కాబట్టి అది ఈ లోకానిది కాదని తేల్చుకోవడానికి బస్సులో ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు.

అయితే ఒక్కొక్కరికీ ఒక్కోటి కనిపించింది. భూషణానికి, గృహప్రవేశానికి పిలవకుండా వదిలేసిన అక్కయ్య కనిపించింది. ఆవిడ భీమవరంలో బతికే ఉంది, అయినా కనిపించింది. టైమాఫీసు గుమాస్తాకు తనిఖీకొచ్చే పెద్దసాబు తెల్ల సూటు కనిపించింది. నిన్న నవ్విన శేషగిరిరావుకు సినిమాలో దయ్యం కనిపించింది, ఈసారి సరైన చీరలో. వెనక సీట్లోని లక్మాకు మాత్రం గుడారం కనిపించింది. పన్నెండేళ్ళ కిందట వాళ్ళ పొలాల మీద ఇలాంటి తెల్ల గుడారమే ఒకరోజు పొద్దున మొలిచింది. అందులోంచి గొలుసులూ కాగితాలూ పట్టుకుని మనుషులు దిగారు. ఆ తర్వాత పొలాల్లేవు.

"సర్వే గుడారం! మల్ల వొచ్చిండ్రు!" అని అరిచి, లక్మా బస్సు దూకి, గనికి పోగా మిగిలిన తన ఊరివైపు పరిగెత్తాడు. లక్మా మాట ఎవరికీ వినపడలేదు, పరుగు మాత్రం కనపడింది. దాన్నే ఆదర్శంగా తీసుకుని మిగతావాళ్ళూ కేకలు వేస్తూ పరిగెత్తారు.

సుశీలమ్మ కాఫీ కలుపుతుండగా భర్త దూసుకొచ్చి తలుపు గడియ పెట్టాడు. దానికి బియ్యం డ్రమ్ము అడ్డం జరిపి, డ్రమ్ముకు తను అడ్డం కూర్చున్నాడు.

"సుశీలా, బయటికెళ్ళకు! దిబ్బమీద ఉంది! చీర కొంగే పదహారడుగులు!"

లెక్క సరిగ్గా చెప్పడంతో సుశీలమ్మకు విషయం అర్థమైంది. నిజం చెబితే అనుమతి లేకుండా తెర తీసిన సంగతి బయటపడుతుంది, పదింటి ఆట పోతుంది. ఊరుకుంటే తెర పోతుంది, అప్పుడూ ఆట పోతుంది.

"ఒక్కసారి చూసొస్తానండీ."

"నీకేమైనా మతి పోయిందా? ఆంజనేయ దండకం గుర్తుందా నీకు? నాకు మొదటి ముక్కే గుర్తుంది."

ఇంతలో ఇర్మె పెరటి గుమ్మంలోంచి వచ్చింది. ఆ గుమ్మానికి శేషగిరిరావు ఏ ఏర్పాటూ చెయ్యలేదు. సినిమాల్లో దయ్యాలు ముందు గుమ్మంలోంచే వస్తాయి.

"అమ్మా, కొంప మునిగింది. సెక్రటరీసాబు నిమ్మకాయలు పట్కొని దిబ్బెక్కుతుండు. మా ఊరోళ్ళు పెద్దమనుషుల్ని తీస్కొని ఇటే వస్తుండ్రు."

ఇద్దరూ పెరటిదారిన పరిగెత్తారు. దశరథరామయ్య అప్పటికే తెరకు పదడుగుల దూరంలో ఉన్నాడు. చేతిలో నిమ్మకాయలు, మెళ్ళో మఫ్లరు. ఆయనకు ధైర్యం లేదనడానికి వీల్లేదు. ముప్పైమంది చూసి పారిపోయిన దిబ్బ ఒక్కడే ఎక్కాడు. సుశీలమ్మ "సార్, ఆగండీ" అనేలోపు గాలి విసిరింది. ఒక తాడు తెగింది. తడిసిన తెల్లటి గుడ్డ ఆయన్ని తల మీంచి కాళ్ళదాకా చుట్టేసుకుంది.

లోపల్నుంచి సన్నగా, చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది: "అమ్మా... రిజర్వేషను దొరకలేదే..."

ఆ తర్వాత ఆయన పడిపోయాడు.

దశరథరామయ్య తల్లి పదిహేనేళ్ళు తెల్లచీరతో ఆయన ఇంట్లోనే ఉంది. కాశీ చూపించమని ఏటా అడిగేది. ఏటా రిజర్వేషను దొరికేది కాదు. మూడేళ్ళ కిందట అడగడం మానేసింది, పోయింది గనక. మన సినిమాల్లో దయ్యం ఎందుకు ఎప్పుడూ ఆడదో సుశీలమ్మకు అప్పుడే తెలిసింది. బతికున్నప్పుడు మాట వినిపించుకోనివాళ్ళు చచ్చాక పాట పాడితే వింటారు.

తెర విప్పి, దాని కొస పిండి ఆయన ముఖాన నీళ్ళు చల్లారు. ఆయన కళ్ళు తెరిచి, తెరను చూశాడు, సుశీలమ్మను చూశాడు.

"నేనేమైనా అన్నానా అమ్మా?"

"ఏమీ అన్లేదండి. టికెట్ల సంగతేదో."

ఆయన తల దించుకున్నాడు. ఈలోగా లక్మా ఊరిజనంతో వచ్చాడు. ముందున్న పెద్దాయన పేరు సన్న. తెరను వేళ్ళతో తడిమి, అటూ ఇటూ తిప్పి, కింద గొలుసులూ మేకులూ ఏమైనా ఉన్నాయేమోనని వెతికాడు. లేవు. గట్టిగా ఊపిరి వదిలి ఏదో అడిగాడు. ఇర్మె తెలుగు చేసింది.

"గుడారం గాకపోతే ఇది దేనికని అడుగుతుండు."

"దయ్యాన్ని చూడ్డానికని చెప్పు" అంది సుశీలమ్మ.

ఇర్మె చెప్పింది. సన్న తెరనోసారి, సుశీలమ్మనోసారి చూసి ఏదో అన్నాడు. "మీకు పనులేం లేవా అంటుండు. పని లేకుంటె మేము గూడ జూస్తం అంటుండు."

తెర పూర్తిగా ఆరకుండానే పదింటికి ఆట మొదలైంది; ఆపడానికి దశరథరామయ్యకు మొహం చెల్లలేదు. దయ్యం తళతళలాడుతూ వచ్చింది. ఒక్కరూ కెవ్వుమనలేదు. ఇర్మె "పాపం, గా పిల్ల సన్నబడ్డది" అని కళ్ళు తుడుచుకుంది. దయ్యం పాడినంతసేపూ సన్న తల ఊపాడు. సినిమా మధ్యలో బంగళా కొనేవాడి గుమాస్తా ఒకడొచ్చి, గొలుసు పరిచి వాకిలి కొలవడం మొదలెట్టాడు. దర్శకుడు దాన్ని నవ్వుకోవడానికి పెట్టాడు. అక్కడ మాత్రం వెనక వరసల్లోని ఊరిజనమంతా ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. సుశీలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ సినిమాలో భయపెట్టేది ఏదో అప్పటికి గాని ఆవిడకు తెలియలేదు.

ఆట అయ్యాక దశరథరామయ్య గొంతు సవరించుకున్నాడు. "సుశీలమ్మగారూ, అనుమతి లేకుండా తెర తీశారు. అది తప్పు."

"తప్పేనండీ. రిజిస్టర్లో రాసుకోండి. రాసేముందు పైన ఉన్నది ఒకసారి చదవండి."

ఆయన చదివాడు. క్లబ్బు సినిమా కారణంగా. కేకలు వేసినా, స్పృహ తప్పినా. ఆ వర్గం వారి ఆట.

"నేను సినిమా చూసి పడిపోలేదుగా!"

"చూడకుండానే పడిపోయారు సార్" అన్నాడు కాపలాదారు ముసలయ్య, మూలన నిలబడి.

శేషగిరిరావు, భూషణం, టైమాఫీసు గుమాస్తా తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నారు. వర్గం మొత్తం కేకలు వేసింది. ఇందులో వాదించడానికేం లేదు. చివరికి సుశీలమ్మే జాలిపడి రాజీ చెప్పింది. సాయంత్రం నోటీసుబోర్డు మీద దశరథరామయ్య దస్తూరీతో కాగితం వెలిసింది: 'ఇకపై శనివారం ఆట లేదు. పురుషులు ఆదివారం ఉదయం ఆటకు, ఇంటి ఆడవారి తోడుతో మాత్రమే రావలెను.'

మర్నాడు ఆయన సెలవు పెట్టి, తల్లి అస్థికలున్న చెంబు బీరువాలోంచి తీసి, కాశీ ప్రయాణానికి జగదల్‌పూర్ రైల్వేస్టేషనుకు వెళ్ళాడు.

రిజర్వేషను పావుగంటలో దొరికింది.