నారింజ రంగు సాక్షి

పాలిష్ మేస్త్రి ఆ ఉదయం వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. తొమ్మిదింటికి ఒక పూత, పదకొండింటికి ఇంకొకటి, మూడింటికి లైబ్రేరియన్ మేడం రాక. ఈ టేబుల్ ఆవిడకు నచ్చితే కొత్త హాలుకు మరో ఇరవై టేబుళ్ళ పని దొరుకుతుంది. నచ్చకపోతే షెడ్డుకు తాళం వేసుకోవడమే.

"చూస్తూ ఉండు బావా, సాయంత్రానికి ఇది తాతలనాటి టేకులా లేకపోతే నా పేరు మార్చుకుంటా," అన్నాడు వడ్రంగితో. టేబుల్ చేసింది ఆ వడ్రంగే. మేస్త్రి భార్యకు స్వయానా అన్న.

మేస్త్రి రబ్బరు తొడుగులు వేసుకుని, డబ్బాలోని నారింజ రంగు పలుకుల్ని బకెట్ నీళ్ళలో కలిపాడు. పొటాషియం డైక్రోమేట్. దాని గొప్ప చెప్పుకునే అవకాశాన్ని ఆయన ఏనాడూ వదులుకోలేదు. "తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళకీ ఇదే కావాలి, అగ్గిపెట్టెలవాళ్ళకీ ఇదే కావాలి. మన దగ్గరికొస్తే చెక్కలో వగరుని పట్టుకుని రంగు ముదురుస్తుంది. వగరు ఎక్కడ ఎక్కువుంటే అక్కడంత నలుపు. దీని ముందు ఏదీ దాగదు!"

పూత ఆరేసరికి చెక్క ముచ్చటగా గోధుమరంగుకు తిరిగింది. ఒక అంచున గుండ్రటి మచ్చ కూడా తేలింది. పూత పలచనైందనుకుని మేస్త్రి రెండోది దట్టంగా వేశాడు. మచ్చలు ఏడయ్యాయి. ఆయనకు రోషం వచ్చింది. నీళ్ళలో ఆ నారింజ ఉప్పు రెట్టింపు చేసి మూడోది కొట్టాడు. ఈసారి టేబుల్‌కు నాలుగు వైపులా, వైపుకు నాలుగు చొప్పున నల్లటి వలయాలు కొలువుదీరాయి.

వడ్రంగి ఒక వలయం మీద వేలు పెట్టాడు. "టీ గ్లాసులు బావా! పోయినవారం మన..."

మాట పూర్తికాకుండానే మేడం లోపలికి వచ్చింది, చెప్పిన టైముకంటే రెండు గంటలు ముందే. వెనకాలే భోజనం క్యారియర్‌తో మేస్త్రి భార్య.

"ఏంటండీ ఇది?" అంది మేడం.

మేస్త్రి గుండె జారిందిగానీ గొంతు జారలేదు. "ఉన్నమాట చెప్పేస్తానండీ. టీలోనూ వగరుంటుంది. అది ఒలికిన చోటల్లా నా మందు పట్టేసింది. మా బావ పోయినవారమంతా దీని చుట్టూ పేకాట పెట్టాడు. నేనైతే అప్పుడు ఈ ఉప్పు కోసం ఊరంతా తిరుగుతూ ఉన్నా. ఈ పైచెక్క చిత్రిక పట్టించి మళ్ళీ నేనే పూస్తా. మీ ఇరవై టేబుళ్ళూ నా కళ్ళముందే తయారవుతాయి."

 మేడం తలూపింది. పని దక్కినట్టేనని మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన భార్య క్యారియర్ కింద పెట్టి టేబుల్ మీదికి వంగింది. వలయాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఒకవైపున్న నాలుగు తప్ప. ఆ నాలుగింటికీ ఆరేసి మూలలున్నాయి.

"ఏమండీ, మీ ఆరు మూలల గ్లాసు ఎక్కడ పెట్టానని వారం నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు కదూ?"

మేస్త్రి గబగబా ఆ నాలుగింటి మీద గుడ్డ కప్పబోయాడు.

"దీని ముందు ఏదీ దాగదన్నావుగా బావా," అన్నాడు వడ్రంగి నెమ్మదిగా.

మేడం నవ్వు ఆపుకుని ఆవిడ వైపు తిరిగింది. "ఇరవై టేబుళ్ళ పనీ మీ పేరు మీద రాస్తానమ్మా. దగ్గరుండి చేయిస్తారా?"

"భేషుగ్గా," అంది మేస్త్రి భార్య.

ఇరవై టేబుళ్ళూ ఒక్క మచ్చ లేకుండా తయారయ్యాయి. బావలిద్దరూ ఇప్పటికీ షెడ్డు గేటు బయటే నిలబడి టీ తాగుతారు.