‘పోయింది’కి సవరణ

దర్జీ భార్యను ఆయన అల్లుడు బతికించాడు. ఇది అన్యాయం. ఇందులో వాదనకు చోటు లేదు.

అల్లుడిది సాఫ్ట్‌వేర్ కంపెనీ. తమ పుస్తకాన్ని తామే అచ్చు వేయించుకునే రచయితల కష్టాలన్నీ తీర్చడం దాని ఆశయం. వాళ్ల అసలు కష్టం చదివేవాళ్లు లేకపోవడం కాబట్టి, దాని జోలికి పోకుండా మిగతావన్నీ తీర్చారు. అట్టబొమ్మ దానంతటదే తయారవుతుంది. ముందుమాట దానంతటదే పుడుతుంది. “ఈ తరం గర్వించదగ్గ కలం” అన్న వాక్యం అడిగినవారికల్లా ఉచితం. ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు చదవకుండానే మెచ్చుకునే సదుపాయం కూడా కల్పించారు. మనుషులు ఎప్పటినుంచో చేస్తున్న పనే అయినా, ఇప్పుడు త్వరగా అవుతోంది.

కంపెనీ ఉన్నది దర్జీ దుకాణం మీది గదిలో. ఒకప్పుడు దర్జీ భార్య అక్కడ కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టేది. ఆ కిటికీకి అడ్డంగా “ప్రతి మనిషిలోనూ ఒక పుస్తకం ఉంది” అని రాసిన బోర్డు పెట్టారు. గది చీకటైందని పగలే లైట్లు వేసుకున్నారు.

ఆమె పోయాక దర్జీ ఒక పుస్తకం రాశాడు. పలుచటి పుస్తకం. ఇద్దరూ కలిసి కుట్టిన బట్టలు, పడ్డ పోట్లాటలు, ఆమె జబ్బు. చివరి వాక్యం “ఆమె పోయింది.” ఆ తర్వాత రాయడానికి ఆయనకేమీ కనిపించలేదు. అల్లుడు ముచ్చటపడి, కంపెనీ మొదటి పుస్తకంగా దాన్నే తీసుకున్నాడు. ఒక్క మాట మార్చొద్దని దర్జీ చెప్పాడు. అల్లుడు మార్చలేదు. సాఫ్ట్‌వేర్ మార్చింది.

“పోయింది” మోటుగా ఉందని అది మర్యాదగా “వెళ్ళింది” అని దిద్దింది. దిద్దాక దానికే సందేహం వచ్చింది: వెళ్ళినామె ఏమైనట్టు? కథ తెగలేదని తీర్మానించి, ఎవరూ అడక్కుండానే ఒక అధ్యాయం జతచేసింది. అందులో ఆమె చేతిసంచీతో తిరిగొచ్చి, “ఆలస్యమైందా?” అని అడిగి, కాజాలు కుట్టడానికి కూర్చుంది.

పుస్తకాలు కాగితం చుట్టలోంచి బయటపడింది ఆవిష్కరణ సభలోనే. ముఖ్య అతిథి ఆరు సంపుటాల ఆత్మకథ గల మాజీ అధికారి. ఆఖరి పేజీలు మాత్రం తిరగేసుకుని గంభీరంగా ప్రసంగించారు.

“భార్య అలిగి వెళ్ళిపోతే మనబోటివాళ్లం ఏం చేస్తాం? హోటల్లో తింటాం. ఈయన పుస్తకం రాశారు. ఆవిడ వచ్చేసింది. సాహిత్య ప్రయోజనమంటే ఇదే. ఆ తల్లిని కూడా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.”

జనం చప్పట్లు కొట్టి వెనక్కి తిరిగి చూశారు. ఆమె పాడె మోసిన పొరుగాయన కూడా తిరిగి చూశాడు.

మర్నాడు దర్జీ పుస్తకం పట్టుకుని మీది గదికెక్కాడు.

“బాబూ, మీ అత్తగారు చచ్చిపోయింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు వెయ్యి.”

“వేద్దాం మామయ్యా. కాకపోతే అలా పెడితే చదివేవాళ్లకి ఉత్సాహం తగ్గుతుందని సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. ‘విశ్రాంతి తీసుకుంటోంది’ అంటే సరిపోతుందేమో చూడండి.”

మూలన పని చేసుకుంటున్న కూతురు తలెత్తింది.

“ఆ చివరి అధ్యాయం ఉండనీ నాన్నా.”

“ఎందుకూ?”

“నాకు బాగుంది. రెండుసార్లు చదివాను.”

“మరి నేను రాసింది?”

ఆమె మళ్లీ కంప్యూటరు వైపు తిరిగింది.

“అది చదవలేదు. అందులో అమ్మ పోతుందిగా.”

మెచ్చుకున్న అంతమందిలో ఆ పుస్తకాన్ని నిజంగా చదివింది ఈ ఒక్కతే. చదివింది ఆయన రాయని భాగం. దర్జీ మెట్లు దిగాడు.

పుస్తకానికి మంచి పేరొచ్చింది. మీరూ బాగుందనే అన్నారు. దారిలో కనబడి, ఆవిడ కులాసాయేనా అని అడిగే ఉంటారు. ఆయన జవాబివ్వలేదని నొచ్చుకోకండి. పుస్తకం సంగతి గానీ, ఆమె సంగతి గానీ ఆయన ఇంక ఎవరితోనూ మాట్లాడడు. మీతో అసలే మాట్లాడడు.