ప్రొఫెసర్ జితేందర్ సున్నుండల పాఠం

ఆగండాగండి, ఆ ఫోన్ పక్కన పెట్టి ముందు ఇది వినండి! అమెరికాలోని ఇర్వింగ్‌లో జితేందర్ అని ఒక మహానుభావుడున్నాడు. వారమంతా ఆఫీసులో కోడ్ రాస్తాడు, శనివారం లైబ్రరీలో చైనా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఊరికే ఇంగ్లీష్ నేర్పిస్తాడు. క్లాసు మొదలై నెల కాలేదు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అప్పుడే 'ప్రొఫెసర్ జితేందర్' అయిపోయాడు. ఆ శనివారం లైబ్రరీ మేడమ్ డోనా క్లాసు చూడ్డానికొస్తోంది. ఆవిడకి నచ్చిందా సరే, లేదంటే ప్రొఫెసర్ గిరీ ఊడినట్టే.

"ఈరోజు 'టేక్'! బస్సు టేక్, ట్యాబ్లెట్ టేక్, ఫొటో టేక్, ఎన్ని వాడకాలో! చేతికిచ్చి మరీ నేర్పిస్తా" అంటూ, భార్య త్రివేణి చేసిన సున్నుండల డబ్బా ఎత్తుకున్నాడు. టెన్షన్‌లో టిఫిన్ కూడా ముట్టలేదు. కార్ డ్రైవ్ చేసింది త్రివేణే.

ముందు వరుసలో లిన్ అనే పెద్దావిడ. ఆవిడ ముందు సున్నుండ పెట్టి "టేక్!" అన్నాడు. ఆవిడ రెండు చేతులూ ఊపుతూ "నో నో, థాంక్యూ" అంది. పక్కనే వూ తాతగారు కడుపు నిమురుకుంటూ "నో నో" అన్నాడు. క్లాసు క్లాసంతా అదే పాట.

"చూసినవా, ఒక్కరికి కూడా అర్థం కాలే!" అన్నాడు జితేందర్ భార్య వైపు తిరిగి.

వెనక కూర్చున్న త్రివేణికి ఒళ్లు మండింది. "మొహమాటం జితూ అది! మా పిన్నింట్లో గారెలు వద్దు వద్దని, చివరికి గిన్నె ఖాళీ చెయ్యలేదూ నువ్వు?"

"నీకేం తెల్వదు, ఊకో. ఇది మెథడ్."

మెథడ్ అంటే ఏం లేదు, గట్టిగా అరవడం! వూ గారి గుప్పిట్లో సున్నుండ కుక్కాడు. ఆయన తిరిగి డబ్బాలో పెట్టాడు. ఈయన ఆయన జేబులో దోపాడు. ఆయన తీసి ఈయన జేబులో దోపాడు. ఆ పెనుగులాటలో డబ్బా తిరగబడి, కార్పెట్ నిండా నేతి పిండి. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన డోనా దాని మీద కాలేసి, జర్రున జారి తలుపు పట్టుకుంది.

"సారీ మేడమ్! వీళ్లకి టేక్ అంటేనే తెలీదు. హోల్ క్లాస్ ఫెయిల్!"

ఈలోపు త్రివేణి డబ్బాలో మిగిలిన సున్నుండలు పట్టుకుని, నవ్వుతూ ఇంకోసారి, మరోసారి అడిగింది. వూ గారు ఒకటి తీసుకున్నాడు. అందరూ తీసుకున్నారు.

లిన్ గారు నిదానంగా సంచిలోంచి వేడివేడి కూరగాయల బన్‌ల డబ్బా తీసి, రెండు చేతులతో జితేందర్ ముందు పట్టింది. "టీచర్, టేక్."

ఘుమఘుమలకి జితేందర్ కడుపు చేసిన చప్పుడు చివరి వరుస దాకా వినిపించింది. అయినా ఏమన్నాడనుకున్నారు? "అయ్యయ్యో, నో నో! ఎందుకు మేడమ్ ట్రబుల్!"

"ప్లీజ్ టేక్."

"నో నో, ఇప్పుడే ఐ ఏట్!"

లిన్ గారు జాలిగా డోనా వైపు తిరిగింది. "టీచర్ ఆల్సో ఫెయిల్."

డోనా నవ్వాపుకుంటూ త్రివేణిని చూసింది. "విల్ యూ టేక్ దిస్ క్లాస్?"

అడిగీ అడగ్గానే త్రివేణి తలూపేసింది. మాటవరసకైనా వద్దనలేదు!

అక్కడ లిన్ గారు డబ్బాకి మూత పెట్టేస్తోంది. మీరైతే ఏం చేస్తారు, సిగ్గు విడిచి చెయ్యి చాస్తారా, ఇంకొక్కసారి అడుగుతుందేమోనని నిలబడతారా?